భద్రాద్రి సన్నాయి - రెండు గొంతుల పాట

మాటలతో పాడిన పాటను ఊదే వాద్యానికి అప్పగించినప్పుడు ఆ పాటలోని మాట ఏమగును? పైకి చిన్న ప్రశ్న వలె కనిపించినా, సంగీత చరిత్రలో ఇది పెద్ద ప్రశ్నయే. వీణ వాయించువాని ఊపిరికి పాటతో నిమిత్తం లేదు. సన్నాయి ఊదువాని సంగతి అట్లు కాదు. గాయకుని వలెనే అతడు కూడ ఊపిరితోనే పాటను నడపవలెను. కాని గాయకునికున్న మాట అతనికి లేదు. గొంతుకు ఇంత దగ్గరగా ఉండి మాటకు ఇంత దూరమైనవి సుషిర వాద్యాలు.

ఈ ప్రశ్నకు మన తెలుగునాట సమాధానం వెదకదలచినవారికి భద్రాచలాన్ని మించిన చోటు లేదు. అక్కడ రామదాసు కీర్తన సన్నాయి మీద వినిపించునప్పుడు ఎవరూ పాడకున్నా, వినువారి పెదవులు కదలుచుండును. ఊదినది స్వరమే, విన్నది మాట. ఇది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనవలెనన్న, రామదాసు జీవించిన పదునేడవ శతాబ్దంలోనే ఐరోపా ఖండంలో జరిగిన మరియొక ప్రయత్నాన్ని కూడ పక్కన పెట్టి చూచుట మేలు. అక్కడివారు బరోక్ యుగమని పిలిచే కాలం సుమారు 1600 నుండి 1750 వరకు సాగినది. ఆ కాలంలో ఇద్దరు పాడే యుగళగీతాలను సుషిర వాద్యాలకు అమర్చుట ఒక విద్యగా వర్ధిల్లినది. ఒకరి విద్య ఒకరికి తెలియదు. ఐనను ఇరువురూ ఎదుర్కొన్న చిక్కు ఒక్కటే.

ముందుగా మన సంగతి. కంచెర్ల గోపన్న ఖమ్మం మండలంలోని నేలకొండపల్లిలో జన్మించినాడు. గోలకొండ ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా మన తానీషా, 1672లో సింహాసనం ఎక్కినాడు. ఆయన కొలువులో మంత్రాంగం నడిపిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. ఆ ఆదరణతో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారైనాడు. గోదావరి ఒడ్డున, అడవి అంచున వెలసిన భద్రగిరి ఆయన ఏలుబడిలోనిదే. సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించుట, పన్నెండేండ్ల చెరసాల, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలై వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించుట, ఈ కథ తెలుగింటి బిడ్డలందరికీ తెలిసినదే. ఇందులో సంప్రదాయం చెప్పునదెంత, దస్తావేజు చెప్పునదెంత అని విడదీయుట చరిత్రకారుని పని. తానీషా ఏలినవి మొత్తం పదునైదేండ్లు మాత్రమేనన్న సంగతి అందులో గుర్తుంచుకొనదగినది. 1686లో అక్కన్న మాదన్నలు హతులైనారు. 1687లో ఔరంగజేబు సేనలకు గోలకొండ లొంగిపోయినది. రాజ్యం పోయినది, కొలువు పోయినది, కీర్తన మాత్రం నిలిచినది.

ఎట్లు నిలిచినదన్న సంగతి మన విషయానికి ముఖ్యం. రామదాసు కీర్తనలు మొదట స్వరలిపిలో నిలిచినవి కావు; భజన గోష్ఠులలో, నోటి నుండి నోటికి నిలిచినవి. భజనలో ఒకరు పాట ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. మొదటి గొంతు అడుగును, రెండవ గొంతు బలపరచును. కీర్తన కట్టుబాటే ఈ పద్ధతికి తగినట్లున్నది. పల్లవి చిన్నది, అందరికీ అందునది. చరణాలు అనేకం, తరచు ఒకే వరుసలో నడచునవి. నాయకుడు చరణం పాడి పల్లవికి రాగానే గోష్ఠి యంతయు కలియును. కనుక రామదాసు కీర్తన ఒంటరి గొంతు మొరగా పుట్టినా, అది బ్రతికినది రెండు గొంతుల పాటగా. త్యాగరాజస్వామి తమ ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసును స్మరించినారన్నచో, గోదావరి తీరపు పాట కావేరి తీరానికి చేరినదన్నమాట. 1790లో జన్మించిన తూము నరసింహదాసు వంటి భక్తులు భద్రాద్రి చేరి స్వామి సేవలకు పూనుకొని, తామును కీర్తనలు చెప్పి, ఆ గోష్ఠిని మరియొక తరానికి అందించినారు.

ఇక ఐరోపా సంగతి. అక్కడ గాయకులు పాడుకొనే పాటను వాద్యాల మీద ఊదుట బరోక్ యుగానికి ముందే ఉన్నది. 1535లో వెనిస్ నగరంలో గనాస్సీ అనే విద్వాంసుడు వేణువు వంటి ఒక వాద్యం గురించి గ్రంథం అచ్చు వేయించినాడు. వాద్యకారుడు మానవ కంఠాన్నే గురువుగా పెట్టుకొని దాని ననుకరింపవలెనన్నది ఆయన మూలసూత్రం. 1595లో ఇంగ్లండులో థామస్ మార్లీ రెండు గొంతుల పాటల సంపుటం ప్రకటించినాడు. అందులో మాటలున్న పాటలతో పాటు, మాటలు లేకుండ రెండు వాద్యాలు వాయించుకొనదగినవి కూడ చేర్చినాడు. ఒకే పుస్తకం ఇంట్లో పాడుకొనువారికీ, ఊదుకొనువారికీ పనికివచ్చినది. పాటకూ వాద్యానికీ మధ్య గోడ లేదని ఆనాటి వారి అభిప్రాయం.

బరోక్ యుగంలో ఆ గోడ కొంత లేచినది. పాటలో మాటకు ప్రాధాన్యం పెరిగినది. దుఃఖపదం వచ్చిన చోట స్వరం కుంగవలెను, సంతోషపదం వచ్చిన చోట పరుగెత్తవలెను అన్న నియమం బలపడినది. అప్పుడు యుగళగీతానికి స్థిరమైన ఒక రూపం ఏర్పడినది. అడుగున ఒక మంద్రస్వరాల వరుస నడచుచుండును. దాని మీద మొదటి గొంతు ఒక పలుకు పలుకును. రెండవ గొంతు కొంచెం ఆగి అదే పలుకును అందుకొనును. తరువాత రెండు గొంతులూ జంటగా, ఒకదాని కొకటి రెండు మెట్ల ఎడంతో, ఉదాహరణకు ఒకటి షడ్జమంలో ఉన్నప్పుడు మరొకటి గాంధారంలో ఉండి, సాగిపోవును. ఒక గొంతు స్వరాన్ని పట్టి నిలుపగా రెండవది దాని పక్కకు జరిగి ఒరిపిడి కలిగించి, పిమ్మట సర్దుకొనును. ఆ ఒరిపిడి లోనే వారి కరుణరసమంతయు ఉన్నది.

ఈ జాతి పాటలలో ఒకదానిని తీసుకొందము. హెన్రీ పర్సెల్ లండన్ నగరంలో రాజకొలువు సంగీత రచయిత. గోలకొండ పడిన ఏడేండ్లకు, 1694 ఏప్రిల్ 30న, మేరీ రాణి జన్మదినానికి ఆయన ఒక ఉత్సవగీతం కట్టినాడు. అందులో ఇద్దరు పురుషులు హెచ్చుస్థాయిలో పాడే యుగళగీతం ఒకటి ఉన్నది. బాకాను మ్రోగుమని, ఒబో అనే సన్నాయిని పలుకుమని పిలిచే పాట అది. చిత్రమేమన, ఆ పాట నడచునంతసేపు బాకా గాని ఒబో గాని నోరు విప్పవు. ఇద్దరు గాయకులు తమ గొంతులనే బాకాలుగా చేసికొందురు. అడుగున చిన్న మంద్రస్వర వరుస ఒకటి మాటిమాటికీ తిరిగి వచ్చుచుండును. వాద్యాలను పిలిచిన పాట గనుక, తరువాతి కాలంలో దానిని నిజముగానే రెండు సుషిర వాద్యాలకు అమర్చవలెనన్న కోరిక ఎందరికో కలిగినది.

అట్లు అమర్చదలచినవానికి మొదటి చిక్కు బాకాతోనే వచ్చును. ఆనాటి బాకాకు రంధ్రాలు లేవు, మీటలు లేవు. పొడవైన ఇత్తడి గొట్టం, ఊదువాని పెదవులు, అంతే. అటువంటి గొట్టం అన్ని స్వరాలనూ ఇవ్వదు. ఈ సంగతి భద్రాద్రి అడవి సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి కోయల జాతరలలో, సమ్మక్క సారలమ్మల కథ చెప్పే డోలి గాయకుల మేళంలో, డోలుతో పాటు కొమ్ము వినిపించును. కొమ్ముకు కూడ రంధ్రాలు లేవు. పెదవుల బిగువు మార్చిన కొలది ఒక స్వరం నుండి మరొక స్వరానికి ఎగురును గాని, నడుమనున్న స్వరాలపై నడువదు. కింది స్థాయిలో మెట్లు దూరదూరం. పైకి పోయిన కొలది దగ్గరగును. కొమ్ముకైనా, లండన్ బాకాకైనా ప్రకృతి పెట్టిన నియమం ఇదే. అందుచేత గాయకుడు మెట్టుమెట్టుగా నడిచిన చోట బాకా దూకవలసి వచ్చును. పర్సెల్ యుగళగీతాన్ని ఉన్నదున్నట్లు ఆనాటి బాకాలకు ఇచ్చుట సాధ్యం కాదు. పాట పిలిచిన బాకాయే ఆ పాటను పూర్తిగా పలుకలేకున్నది!

కనుక అమర్చువాడు రెండు ఒబోలను ఆశ్రయించును. ఒబో రెండు రెల్లు రేకుల పీక పెట్టి ఊదే వాద్యం, వరుసగా వ్రేళ్ల రంధ్రాలు గలది. పదునేడవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఫ్రాన్సు దేశపు రాజాస్థానంలో, హోటెటేర్, ఫిలిడోర్ కుటుంబాల వంటి వాద్యనిర్మాతలు, పాత మొరటు సన్నాయిని మార్చి దీనిని రూపొందించినారని చరిత్రకారులు చెప్పుదురు. ఆ పాత సన్నాయి పశ్చిమాసియా నుండి ఐరోపాకు చేరినది. మన సన్నాయి పేరుకు మూలమైన షెహనాయి, పశ్చిమాసియా సుర్నాయి దగ్గరి చుట్టాలు. కాబట్టి పర్సెల్ ఒబో, భద్రాద్రి సన్నాయి ఒకే వంశవృక్షపు రెండు కొమ్మలు.

ఒబో స్థాయి సుమారు రెండు సప్తకాలు. గాయకుడు దానికంటె కిందికి దిగిన చోట పాటనంతయు ఎత్తి వేరు శ్రుతిలో పెట్టవలెను, లేదా ఆ ఒక్క పలుకును పై స్థాయికి మార్చవలెను. మొదటి పద్ధతిలో పాట ఆకారం చెడదు గాని, గొంతులోని బరువు తగ్గును. రెండవ పద్ధతిలో బరువు కొంత నిలుచును గాని, దిగవలసిన స్వరం ఎగిరినట్లై అర్థం తారుమారగును. తరువాతది ఊపిరి. గాయకుడు మాట ముగిసిన చోట ఊపిరి తీసికొనును. మాట తీసివేసిన కాగితం మీద ఆ చోటు ఎక్కడనో తెలియదు. కావున తెలివిగల అమరికదారు స్వరాల కింద మాటలను కూడ వ్రాసియే ఉంచును. వాద్యకారుడు వానిని పలుకడు, చదువుకొనును. చదువుకొని, మాట విరిగిన చోటనే ఊపిరి విరుచును.

మూడవది నాలుక. గాయకుని అక్షరాలకు బదులుగా ఊదువానికి ఉన్నది నాలుక తాకుడు ఒక్కటే. 1707లో పారిస్ నగరంలో జాక్ హోటెటేర్ ప్రకటించిన వాద్యబోధినిలో దీనికి రెండు అక్షరాలు చెప్పబడినవి. గట్టి తాకుడుకు 'తు', మెత్తని తాకుడుకు 'రు'. అన్ని స్వరాలనూ ఒకే విధంగా తాకిన వాద్యం మాట్లాడదు, లెక్కపెట్టును. 'తు', 'రు'లను కలిపి నడిపినప్పుడే అది పలికినట్లుండును. మన నాగస్వర విద్వాంసులు నాలుకతో స్వరాన్ని విడదీసి పలికించుటను తుత్తుకారం అందురు. పారిస్ నగరపు అక్షరం, మన విద్వాంసుల అక్షరం ఒక్కటే అయినది. ఒకరి నుండి ఒకరు నేర్చినదని నేను చెప్పుట లేదు. రెల్లుపీక నోట పెట్టుకొన్న మనిషి నాలుకకు ఎక్కడనైనా దొరకు అక్షరం అదే.

మాట పోయినా దాని ముద్ర పోదనుటకు బరోక్ యుగంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. 1741 జూలైలో హాండెల్ ఒక ఇటాలియను యుగళగీతం రచించినాడు. గుడ్డి ప్రేమను ఇక నమ్మనని మొండికెత్తిన పాట అది. మొదటి మాటయే 'కాదు' అను అర్థమిచ్చే గట్టి పలుకు. కొన్ని వారాలకే తన మహాకావ్యగానం మెస్సయ్యాను రచించుచు, అదే సంగీతాన్ని తీసి బాలక్రీస్తు జననాన్ని చాటే బృందగానానికి వాడినాడు. అక్కడి మొదటి ఇంగ్లీషు మాట 'ఏలయన' అను అర్థమిచ్చే తేలిక మాట. పాత 'కాదు' మీది గట్టి దెబ్బ ఆ తేలిక మాట మీద ఇప్పటికీ పడుచున్నదని సంగీతజ్ఞులు చూపుదురు. 1747 ప్రాంతంలో అదే హాండెల్ తన బృందగానాలను కొన్నింటిని ఒబోలు మొదలైన సుషిర వాద్యాల రెండు జట్లకు, తంత్రీవాద్యాల తోడుతో, అమర్చినాడు. మెస్సయ్యాలోని ఒక బృందగానం కూడ అందులో చేరినది. ఆ గానం తెలిసిన లండన్ శ్రోతకు మాట లేకున్నా మాట వినిపించి యుండును. తెలియనివానికి అది చక్కని వాద్యసంగీతం మాత్రమే. ఈ భేదాన్ని మనం మరువరాదు. భద్రాద్రి సంగతి దీని మీదనే నిలిచియున్నది.

ఇప్పుడు మన సన్నాయి వద్దకు వత్తము. పెద్ద సన్నాయిని నాగస్వరమనీ నాదస్వరమనీ అందురు. చేవగల కర్రతో చేసిన గొట్టం, పైన రెల్లుపీక, కింద గరాటు వంటి మూతి. వ్రేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. వానికి కింద శ్రుతి సర్దుకొనుటకు మరి ఐదు రంధ్రాలు, కావలసినప్పుడు మైనంతో మూయునవి. ఒబోకు తరువాతి కాలంలో మీటలు పెరిగినవి. సన్నాయికి ఒక్క మీట కూడ లేదు. సగం తెరిచిన రంధ్రంతో, పెదవి బిగువుతో, ఊపిరి ఒత్తిడితో స్వరం నుండి స్వరానికి జారుట, ఊగుట, నిలుచుట సాధ్యమగును. అందుచేత మన గమకానికి సన్నాయి చక్కగా లొంగినది. శ్రుతి నిలుపుటకు ఒత్తు అనే మరియొక గొట్టం ఉండెడిది. దానికి వ్రేళ్ల రంధ్రాలు లేవు. ఒకే స్వరాన్ని ఊదుచుండును. ఇటీవలి కాలంలో ఒత్తు స్థానం శ్రుతిపెట్టె ఆక్రమించినది. పక్కన డోలు. ఇది మేళం.

ఈ మేళానికి రామదాసు కీర్తనను అప్పగించినప్పుడు జరుగు పని ఎట్టిదో ఒక ఉదాహరణతో చూతము. ఆనందభైరవిలో ప్రసిద్ధమైన 'పలుకే బంగారమాయెనా' అన్న కీర్తన పేరు వినని ఇల్లు లేదు. స్వామి పలుకు కరువైనదని భక్తుడు చేసిన మొర అది. పలుకు గురించిన పాటను పలుకు లేని వాద్యం మీద ఊదవలెను! ఎత్తుగడ చూడుడు. మొదటి రెండక్షరాలు లఘువులు, మూడవది గురువు. సన్నాయికారుడు మొదటి అక్షరాన్ని గట్టిగా తాకి, రెండవదానిని మెత్తగా జార్చి, మూడవదాని మీద ఊపిరి నిలుపవలెను. తరువాతి మాటలో బకారానికి గట్టి తాకుడు, దాని పక్కనున్న సున్నకు ఊపిరిని కొంచెం మూసినట్లు చేయుట, రేఫకూ యకారానికీ మెత్తని తాకుడు కావలెను. అన్ని అక్షరాలనూ గట్టిగా తాకినచో మొర పోయి గద్దింపగును. ఒక్కదానినీ తాకక జార్చినచో ఆనందభైరవి మిగులును, రామదాసు పోవును.

ఇంకొక చిక్కు ప్రాస. మన పదరచనలో పాదపాదానికీ రెండవ అక్షరం కలియుట చెవికి ఆనకట్ట వంటిది. సన్నాయి మీద అక్షరం లేదు గనుక ప్రాస లేదు. నేర్పరియైన విద్వాంసుడు ఆ చోట్లలో ఒకే విధమైన తాకుడు వేసి, ప్రాస ఉన్నదన్న స్ఫురణ కలిగింపగలడు. వినువాడు ఇది గమనింపడు. కాని పాదం ఎక్కడ మొదలైనదో అతని చెవికి తెలియును.

అన్నిటికంటె పెద్ద చిక్కు చరణాలది. ఒకే వరుసలో నడచు చరణాలను గాయకుడు పాడినప్పుడు విసుగు పుట్టదు. ఏలయన, వరుస మారకున్నా మాట మారును. ఒక చరణంలో వేడుకోలు, మరొక దానిలో నిష్ఠురం, ఇంకొక దానిలో పశ్చాత్తాపం. మాట తీసివేసినచో ఎనిమిది చరణాలు ఎనిమిది మార్లు ఊదిన ఒక్క చరణమగును. పర్సెల్ పాటకు ఈ బాధ లేదు. అడుగున మంద్ర వరుస తిరిగి వచ్చుచున్నా పైన రెండు గొంతులు కొత్త దారులు తొక్కుచుండును. మన కీర్తనకు ఆ వెసులుబాటు లేదు. ఇక్కడనే జంట సన్నాయి అక్కరకు వచ్చును. ఇద్దరు విద్వాంసులు కూర్చున్నప్పుడు పల్లవిని కలిసి ఊదుదురు. విడిగా నడచు చోట ఒకరు ఎత్తుకొందురు, ఒకరు అందుకొందురు. ఒకరు ఊదుచుండగా మరొకరు ఊపిరి కూడదీసికొందురు. చరణాలన్నిటినీ ఊదక ఒకటి రెండింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వన్నెతో నడిపింతురు. ఇది ఎవరో కాగితం మీద కూర్చి వ్రాసిన అమరిక కాదు. భజన గోష్ఠిలో నాయకుడు, గోష్ఠి పంచుకొన్న పాటనే ఇద్దరు సన్నాయికారులు పంచుకొనుచున్నారు. రామదాసు కీర్తనలోని రెండు గొంతులు ఆ విధంగా సన్నాయిలోనికి దిగినవి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. రెండు ఒబోల వలె రెండు సన్నాయిలను కూడ వేరు వేరు స్వరాలలో జంటగా నడిపింపరాదా అని నవీనులు అడుగవచ్చును. పర్సెల్ యుగళగీతానికి ఆ ఎడమే ప్రాణం. మన రాగానికి అదే ప్రాణసంకటం. ఆనందభైరవిలో ఒక సన్నాయి ఒక స్వరం మీద గమకంతో ఊగుచుండగా మరొకటి వేరొక స్వరం మీద ఊగినచో, రెండు ఊపులు ఒకదాని నొకటి చెరుపుకొనును. రాగం ముఖం మసకబారును. ఇద్దరు సన్నాయికారులకు శాస్త్రం, సంప్రదాయం ఇచ్చిన స్వేచ్ఛ వేరు. ఒకరు పై స్థాయిలో, ఒకరు కింది స్థాయిలో అదే పలుకు పలుకవచ్చును. ఒకరు షడ్జమాన్ని నిలుపగా ఒకరు విహరింపవచ్చును. ప్రశ్న ఒకరిది, జవాబు ఒకరిది కావచ్చును. ఐరోపావారు రెండు గొంతులను ఒకే క్షణంలో పక్కపక్కన నిలిపినారు. మనవారు ఒకదాని తరువాత ఒకటిగా నిలిపినారు. ఒకరిది తక్కువ, ఒకరిది ఎక్కువ అనుట కాదు. అమర్చువాడు పాట ప్రాణం ఎక్కడ ఉన్నదో ఎరిగి అమర్చవలెనన్నదే ఇందలి సారం.

ఇక ఈ విద్యను మోసిన చేతుల సంగతి. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారం తానీషా నాటిదని సంప్రదాయం. నిజాము ప్రభువులు దానిని సాగించినారు, ప్రజాప్రభుత్వాలు నిలిపినవి. ఇది అందరూ చెప్పుకొను సంగతి. అంతగా చెప్పుకొననిది మరొకటి ఉన్నది. తెలుగునాట నాదస్వర విద్యను తరతరాలుగా పోషించిన కుటుంబాలలో ముస్లిం కుటుంబాలు పెక్కు. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, దక్షిణాది అంతటా కీర్తి గడించి, 1998లో సంగీత కళానిధి బిరుదం పొందినారు. నాటి కృష్ణా మండలం గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబు భద్రాద్రి రాముని సన్నిధిలోనే నాదస్వర సేవ చేసిన విద్వాంసులు. మరణానంతరం 2022లో వారికి పద్మశ్రీ ప్రకటింపబడినది. ఆ సంవత్సరమే భద్రాద్రి అడవి సీమకు చెందిన కోయ డోలి గాయకుడు సకిని రామచంద్రయ్యకు కూడ పద్మశ్రీ లభించినది. గుడిలోని సన్నాయికీ అడవిలోని డోలుకూ ఒకే ఏట గౌరవం దక్కుట ముచ్చటైన సంగతి. జంట సన్నాయికి షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు పేరు తెచ్చినారు. వారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. తానీషా పంపిన ముత్యాలు ఏడాదికొక్క దినం కనిపించును. ఈ విద్వాంసుల కుటుంబాల నుండి వచ్చిన ఊపిరి గుడి సేవలలో వినిపించుచు వచ్చినది.

ఈ విద్వాంసుల శిక్షణలో ఒక నియమం గమనింపదగినది. మంచి గురువు శిష్యునికి కీర్తనను ముందు నోట పాడించును. తరువాతనే వాద్యం మీద పలికించును. సాహిత్యం నోటికి రానివానికి తుత్తుకారం ఎక్కడ వేయవలెనో తెలియదు. స్వరాల కింద మాటలు వ్రాసికొన్న ఐరోపా అమరికదారు చేసినదీ ఇదే, మన గురువు చేయించినదీ ఇదే. మాట లేని వాద్యానికి మాటయే మొదటి పాఠం.

అయితే ఊదువానికి మాట తెలిసిన చాలదు. వినువానికి కూడ తెలియవలెను. ఇక్కడ రేడియో చేసిన మేలు చెప్పక తప్పదు. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వెలసినది. ఆ కేంద్రపు భక్తిరంజని ఉదయం వేళ తెలుగువారి లోగిళ్లను మేలుకొలిపినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానం చేసిన రామదాసు కీర్తనలు ఇంటింటి సొత్తైనవి. భద్రాద్రి కల్యాణానికి ఉషశ్రీ చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం వినుచు గోదావరి చూడనివారు కూడ కల్యాణ మండపంలో కూర్చున్నట్లు భావించినారు. ఆ వ్యాఖ్యాన గంభీర వాక్కుల నడుమ, మాంగల్యధారణ వేళ, గట్టిమేళం వినవచ్చునప్పుడు మాట ఆగి సన్నాయి ఒక్కటే మిగులును. ఆ నిమిషంలో ఏమి జరుగుచున్నదో చెప్పనక్కరలేదు, శ్రోతకు తెలియును. భజన గోష్ఠి ఊరికి చేసిన పనిని రేడియో రాష్ట్రానికి చేసినది. అది మాటను ఇండ్లకు చేర్చినది గనుకనే సన్నాయి మాట లేకుండ మాట్లాడగలిగినది.

భద్రాద్రి సీమ ఏలుబడులు అనేకం మారినవి. 1860లో నిజాము చేతి నుండి ఆంగ్లేయులకు పోయినది. గోదావరి మండలపు ఏజెన్సీలో ఉన్నది. 1959లో ఖమ్మం మండలంలో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం మండలమైనది. సరిహద్దులు జరుగుచున్నా కీర్తన జరుగలేదు. దానిని ఎరిగిన నోళ్లు ఉన్నవి గనుక. కాని ఆ నోళ్లు తరుగుచున్నవేమోనన్న శంక నేడు కలుగక మానదు. పెండ్లి పందిళ్లలో సన్నాయి ఉన్నచోట కూడ వినువారు కరువు. పల్లవి తెలిసి చరణం తెలియనివారు హెచ్చు. మాట మరచిన ఇంట సన్నాయి మీద రామదాసు వినిపించినచో వినిపించునది రాగం మాత్రమే. అప్పుడు తప్పు సన్నాయిది కాదు.

హాండెల్ బృందగానాలను వాద్యాల మీద విన్న లండన్ శ్రోతలు రెండు తెగలని పైన అనుకొన్నాము: మాట తెలిసినవారు, తెలియనివారు. మన పిల్లలు ఏ తెగలో చేరుదురన్నది మన ఇండ్లలోనే తేలవలసిన సంగతి. దానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రేడియోలో సన్నాయి కచేరి వచ్చుననీ, అందులో రామదాసు కీర్తన ఉన్నదనీ కార్యక్రమ పత్రంలో చూచినప్పుడు, ఇంటిలోని పెద్దవారు ఆ కీర్తనను రెండు చరణాలతో ఒకమారు పాడి పిల్లలకు వినిపించిన చాలును. రాగం తప్పినా ఫరవాలేదు, మాట తప్పరాదు. ఆ తరువాత సన్నాయి పలికినప్పుడు పిల్లల పెదవులు కదలునో లేదో చూడుడు. కదలినచో రెండవ గొంతు ఆ ఇంట పుట్టినదన్నమాట.